కుండీలో క్షీణించిన మొక్కను నేలలోకి మార్చడం: వేరు ముద్ద, నీటి నడవడి, అదను

మిద్దెతోటలు, పెరటితోటలు విస్తరిస్తున్న కొద్దీ కృషి విజ్ఞాన కేంద్రాల శాస్త్రవేత్తలకు, ఉద్యాన అధికారులకు ఒక ప్రశ్న తరచుగా ఎదురవుతున్నది. రెండు మూడేళ్లుగా కుండీలో ఉన్న నిమ్మ, కరివేపాకు, మందార లేదా మామిడి అంటు పెరుగుదల ఆగిపోయి, ఆకులు పసుపుబారి, కొమ్మల చివర్లు ఎండుతున్నప్పుడు దానిని తీసి నేలలో నాటితే కోలుకుంటుందా అన్నదే ఆ ప్రశ్న. నేలలో నాటితే కోలుకుంటుందని చెప్పడం పరిపాటి. కొన్ని మొక్కలు నిజంగానే కోలుకుంటాయి. మరికొన్ని మాత్రం నాటిన పది పదిహేను రోజులలోనే, చుట్టూ మట్టి తడిగా ఉండగానే, వాడి చనిపోతాయి. ఈ మరణాన్ని నాటుదెబ్బ అన్న ఒక్క మాటతో సరిపెట్టడం వలన అసలు కారణం పరిశీలనకు రాకుండా పోతున్నది.

కుండీ నుంచి నేలకు మారినప్పుడు మొక్కకు మట్టి మారుతుందని అనుకోవడం సహజం. వాస్తవానికి మొదటి కొన్ని వారాలు మట్టి మారదు. వేర్లు అదే పాత మాధ్యమపు ముద్దలో ఉంటాయి. మారేది ఆ ముద్దలోని నీటి నడవడి. ఈ ఒక్క విషయాన్ని అర్థం చేసుకుంటే మిగిలిన యాజమాన్యమంతా దాని నుంచే తేలుతుంది.

కుండీ అడుగున నిలిచే నీరు

కుండీకి అడుగున రంధ్రం ఉన్నా, నీరు పోసి కారడం ఆగిన తరువాత కూడా అడుగు భాగంలో ఒక పొర పూర్తిగా సంతృప్తమై ఉంటుంది. మాధ్యమంలోని సన్నని రంధ్రాలు కేశాకర్షణ బలంతో నీటిని పట్టి ఉంచుతాయి. కుండీ అడుగుతో మాధ్యమం ముగుస్తుంది. దాని కింద ఉన్నది గాలి మాత్రమే కనుక నీటిని కిందికి లాగే శక్తి అక్కడ ఉండదు. ఈ సంతృప్త పొర మందం మాధ్యమపు రేణువుల పరిమాణంపై ఆధారపడుతుందే గాని కుండీ ఎత్తుపై ఆధారపడదు. అందువలన ఒకే మాధ్యమాన్ని లోతైన కుండీలోను, లోతు తక్కువ కుండీలోను నింపితే రెండవదానిలో గాలి ఆడే భాగం బాగా తగ్గిపోతుంది. కొబ్బరి పొట్టు ఏడాది రెండేళ్లలో కుళ్లి నుసిగా మారినకొద్దీ రంధ్రాలు సన్నబడి సంతృప్త పొర మందం పెరుగుతుంది. మొదటి ఏడాది చక్కగా పెరిగిన మొక్క అదే కుండీలో, అదే నీటితో, మూడవ ఏడాది వేరు కుళ్లుకు లోనుకావడానికి ఇది ఒక ముఖ్య కారణం.

కుండీ అడుగున గులకరాళ్లు, పెంకులు మందంగా పరిస్తే నీరు బాగా దిగుతుందన్న నమ్మకం చాలా పాతది. ఫలితం దానికి విరుద్ధంగా ఉంటుంది. సన్నని రంధ్రాల నుంచి పెద్ద ఖాళీలలోకి నీరు సులభంగా దిగదు. సంతృప్త పొర గులకరాళ్ల పైకి జరిగి వేర్లకు మరింత దగ్గరవుతుంది. రంధ్రం పూడిపోకుండా దానిపై ఒక్క పెంకు బోర్లించడం వేరు సంగతి.

విద్యార్థులకు దీనిని తరగతి గదిలోనే చూపవచ్చు. గిన్నెలు తోమే స్పాంజిని నీటిలో నానబెట్టి అడ్డంగా, చదునుగా పట్టుకొని నీరు కారడం పూర్తిగా ఆగేవరకు ఉంచాలి. తరువాత దానినే నిలువుగా తిప్పితే మళ్లీ నీరు కారడం మొదలవుతుంది. స్పాంజి మారలేదు, ఎత్తు మాత్రమే పెరిగింది. అదీ ఆగిన తరువాత స్పాంజి కింది అంచును పొడి తువ్వాలుపై ఆనించాలి. మిగిలిన నీటిలో చాలా భాగం తువ్వాలులోకి పోతుంది. ఈ మూడవ దశే కుండీ మొక్కను నేలలో నాటినప్పుడు జరిగేది.

నేలలో దిగిన వేరు ముద్ద ఎందుకు ఎండుతుంది

కుండీలో ఉన్నంతకాలం సంతృప్త పొర మొక్కకు ఒక విధంగా నీటి నిల్వ కూడా. ముద్దను నేలలో దింపి చుట్టూ మట్టి కప్పగానే దాని అడుగుకు, పక్కలకు నేల తగులుతుంది. సన్నని రంధ్రాలున్న నేల, ముఖ్యంగా బంకమట్టి, ముద్దలోని నీటిని తనలోకి లాగుకుంటుంది. కుండీలో అంతవరకు ఎంత నీరు పోస్తే ఒకటి రెండు రోజులు సరిపోయేదో, నేలలో అదే ముద్దకు అంతే నీరు పోస్తే కొన్ని గంటలలోనే చాలా భాగం చుట్టూ ఉన్న నేలకు వెళ్లిపోతుంది. వేర్లు ఇంకా ముద్ద దాటి బయటికి రాలేదు. చుట్టూ మట్టి తడిగా కనిపిస్తుంది గాని ఆ తడి మొక్కకు అందదు. కుండీలో నీరు ఎక్కువై బాధపడిన మొక్క నేలలో నీరు అందక చనిపోతుంది. యజమాని పైమట్టిని తాకి చూసి, తడి ఉన్నదని నీరు ఆపివేస్తాడు.

దీనికి విలోమ పరిస్థితి కూడా ఉన్నది. నర్సరీ నుంచి జిగురు మట్టి ముద్దతో వచ్చిన మొక్కను ఇసుక పాలు ఎక్కువగా ఉన్న చల్కా నేలలో నాటితే, ఎండి గట్టిపడిన ముద్దలోకి నీరు సులభంగా ఇంకదు. పోసిన నీరు ముద్ద పక్కల నుంచి వదులు మట్టిలోకి జారిపోతుంది. నెల తరువాత తవ్వి చూస్తే ముద్ద నడిబొడ్డు పొడిగా, ఇటుక ముక్కలా ఉంటుంది. రెండు సందర్భాలలోను తప్పు నీటి పరిమాణంలో లేదు. నీరు పోసిన చోటులోనే ఉన్నది.

అయినప్పటికీ మొక్కను నేలలోకి మార్చడం వలన కలిగే లాభం చిన్నది కాదు. 30 సెం.మీ. వ్యాసం, 30 సెం.మీ. ఎత్తు ఉన్న కుండీలో సుమారు 20 లీటర్ల మాధ్యమం పడుతుంది. అందులో మొక్కకు అందే నీరు నాలుగవ వంతు అనుకుంటే 5 లీటర్లు. వేసవిలో రోజుకు 8 మి.మీ. బాష్పీభవనం ఉన్నచోట అర చదరపు మీటరు నీడ పరిచే మొక్క రోజుకు 4 లీటర్ల వరకు ఖర్చు చేస్తుంది. అంటే ఒక్క రోజు నీరు తప్పితే వాడిపోవడం ఖాయం. అదే మొక్క వేర్లు నేలలో ఒక చదరపు మీటరు విస్తీర్ణంలో 60 సెం.మీ. లోతుకు వెళితే దానికి 600 లీటర్ల నేల దొరుకుతుంది. చల్కా నేలలో అందే నీటిని 10 శాతంగా లెక్కించినా 60 లీటర్లు. నల్లరేగడిలో ఇది ఇంకా ఎక్కువ. 5 లీటర్ల నిల్వ నుంచి 60 లీటర్ల నిల్వకు చేరడమే అసలు ప్రయోజనం. అయితే ఆ నిల్వ వేర్లు అక్కడికి చేరిన తరువాతే దక్కుతుంది. మధ్యనున్న నాలుగు నుంచి ఎనిమిది వారాలను దాటించడమే సాగుదారు పని.

మొక్కను తీసి వేరు చూడనిదే సలహా లేదు

ఈ రోజులలో చాలా ప్రశ్నలు ఫోనులో ఆకు ఫోటోతో వస్తాయి. ఆకును చూసి జవాబు చెప్పే అలవాటు విస్తరణ సిబ్బందిలో బలపడుతున్నది. కుండీ మొక్క విషయంలో ఆకు ఫోటో చాలదు. కుండీని పక్కకు వాల్చి, మొదలు పట్టుకొని ముద్దను బయటికి జార్చి, వేర్ల ఫోటో అడగడం మేలు. ముద్ద విడిపోతుందన్న భయంతో దానిని తీయడానికి వెనుకాడేవారు, మొక్కను నేలలో నాటేరోజు ఎలాగూ తీయవలసినవారే.

ఆరోగ్యమైన వేరు కొనలు తెల్లగా లేదా లేత గోధుమరంగులో గట్టిగా ఉంటాయి. గోధుమరంగు వేరును రెండు వేళ్ల మధ్య లాగితే పైతొక్క ఊడి లోపలి దారం మిగిలితే అది వేరు కుళ్లు. పుల్లని లేదా మురుగు వాసన వస్తే గాలి ఆడక కుళ్లినదని గ్రహించాలి. వేర్లు ఒకవైపే, అంటే మధ్యాహ్నపు ఎండ తగిలే పడమర వైపే చనిపోయి తూర్పు వైపు బాగుంటే కారణం వేడి. వేసవిలో మిద్దెపై ఎండ సూటిగా పడే నల్ల ప్లాస్టిక్ సంచులు, కుండీలలో గోడకు ఆనుకున్న మాధ్యమపు ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటడం అసాధారణం కాదు. లేత వేరు దానిని తట్టుకోలేదు. కుండీ అంచున తెల్లని పెళుసు పొర, ఆకుల కొనలు, అంచులు మాడడం కలిసి కనిపిస్తే లవణాలు పేరుకున్నట్లు.

స్థలం చాలకపోవడం, వేడి, అడుగున నిలిచే నీరు, లవణాల పోగు అనే నాలుగు బాధలను నేల తీరుస్తుంది. లవణాల విషయంలో నాటడానికి వారం ముందు కుండీ ఘనపరిమాణానికి రెండు మూడు రెట్లు మంచి నీటిని నెమ్మదిగా పోసి కడగడం మంచిది.

నేల తీర్చలేని బాధలు వేరుగా ఉన్నాయి. వాటిలో మన ప్రాంతంలో తరచుగా కనిపించేది ఇనుప ధాతు లోపం. లేత ఆకులు పసుపుబారి ఈనెలు మాత్రం పచ్చగా మిగిలితే అది ఇనుము లోపమని, ముదురు ఆకులు ముందుగా పసుపుబారితే నత్రజని లోపమని విద్యార్థులకు తెలిసినదే. నిమ్మ, మల్లె, మందారలలో ఈ లక్షణం కనిపించినప్పుడు మొక్క కుండీలో ఉన్నదన్న విషయం కంటే దానికి పోస్తున్న బోరు నీటిలో బైకార్బనేట్లు ఎంత ఉన్నాయన్నది ముఖ్యం. అదే నీరు పోస్తూ సున్నపు పాలు ఎక్కువగా ఉన్న నల్లరేగడిలోకి మార్చితే లోపం తగ్గకపోగా పెరుగుతుంది. పట్టణాలలో ఇంటి పునాది పక్కన ఉండే మట్టిలో సిమెంటు, సున్నం పెళ్లలు కలిసి ఉండడం వలన ఉదజని సూచిక అక్కడ మరింత ఎక్కువగా ఉంటుంది. ఆ గోడ పక్కనే మొక్కకు చోటు చూపడం మన ఇళ్లలో రివాజు. ఇటువంటి మొక్కపై లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి వారం వ్యవధిలో రెండు మూడు సార్లు పిచికారీ చేసి, కొత్త ఆకు పచ్చబడిన తరువాతే మార్పు గురించి ఆలోచించడం సమంజసం. వాన నీటిని పట్టి వాడగలిగితే అంతకంటే మంచి మందు లేదు.

అంటు మొక్కలలో మరొక పరిశీలన అవసరం. రంగపూర్ నిమ్మ వేరు మూలంపై కట్టిన బత్తాయి, నాటు మామిడిపై కట్టిన బంగినపల్లి వంటి వాటిలో అంటు కొమ్మ చనిపోయి వేరు మూలం చిగుర్లు మాత్రమే మిగిలి ఉండవచ్చు. చిగురు అంటు కట్టిన చోటుకు పైన వచ్చిందా, కింద వచ్చిందా అని చూడకుండా నేలలో నాటితే నాలుగేళ్ల తరువాత కాసేది యజమాని కోరుకున్న కాయ కాదు.

ఇక మూడవ తరగతి నేల తీర్చలేకపోవడమే కాక నేలకు అంటుకునేవి. కుండీలో ఉన్న తెగులు ఆ కుండీకే పరిమితం. నేలలోకి దిగితే పెరడంతా దానిదే. వేరుబుడిపె నులిపురుగులు వీటిలో మొదటివి. పప్పుజాతి మొక్కల వేర్లపై ఉండే నత్రజని బుడిపెలు బొటనవేలితో రుద్దితే ఊడివస్తాయి. నులిపురుగు బుడిపె వేరులోనే ఉబ్బు, ఊడదు. జామలో మెలాయిడోగైన్ ఎంటరోలోబీ అనే జాతి ఇప్పుడు ప్రత్యేక ఆందోళన కలిగిస్తున్నది. తమిళనాడు జామ తోటలలో దీని ఉనికి 2016లో శాస్త్ర పత్రికలకెక్కింది. సాధారణ వేరుబుడిపె నులిపురుగులను తట్టుకునే టమాట రకాలలోని జన్యువు దీనిపై పనిచేయదు. ఇది దూర ప్రాంతాలకు వ్యాపించే ప్రధాన మార్గం నర్సరీ మొక్కల వేర్లు, వాటితో వచ్చే మట్టి. కనుక బుడిపెలున్న జామ, దానిమ్మ మొక్కను ఏ కారణంతోనూ నేలలో నాటకూడదు. దానిని మట్టితో సహా సంచిలో కట్టి తొలగించాలి, కంపోస్టు గుంతలో వేయరాదు. ఒక మొక్కపై మమకారంతో పదేళ్లపాటు కూరగాయలు పండవలసిన పెరటిని నష్టపరచుకోవడం తెలివైన పని కాదని యజమానికి నచ్చజెప్పడం విస్తరణ శాస్త్రవేత్తకు కష్టమైన పనే. అయినా చెప్పి తీరాలి. నిమ్మజాతిలో ఫైటోఫ్తోరా వేరు కుళ్లు, మొదలు కుళ్లు, వంగ, టమాటలలో బ్యాక్టీరియా ఎండు తెగులు కూడా ఈ కోవలోనివే. ఎండు తెగులు అనుమానం ఉంటే మొదలు దగ్గర కోసిన కాండపు ముక్కను గాజు గ్లాసులోని తేట నీటిలో వేలాడదీస్తే కోసిన చోటు నుంచి పాల వంటి దారాలు దిగుతాయి.

సగానికి మించి వేర్లు కుళ్లిన మొక్కను కాపాడే ప్రయత్నం ఎంతవరకు చేయాలన్నది మొక్కను బట్టి నిర్ణయించవలసిన విషయం. మందారను కొమ్మ ముక్కతో, కరివేపాకును వేరు పిలకతోనో విత్తనంతోనో తిరిగి పెంచుకోవచ్చు. వాటికి నెలల తరబడి శుశ్రూష అనవసరం. దొరకని మామిడి రకమో, పెద్దల చేతి మీద నాటిన మల్లెపొదో అయితే ఆ లెక్క వేరు.

చుట్టుకున్న వేర్లు

కుండీ గోడను తాకిన వేరు దారి లేక పక్కకు తిరిగి గోడ వెంట చుట్టుకుంటుంది. పాలిథీన్ సంచిలో తల్లివేరు అడుగుకు చేరి మడతపడుతుంది. వేరు లేతగా ఉన్నంతకాలం దీనితో పెద్ద ప్రమాదం లేదు. వేరు ముదిరి కర్రగా మారిన తరువాత నేలలో నాటినా ఆ వంపు సరికాదు. కొత్త వేర్లు వంపు చివరి నుంచి బయలుదేరతాయి. చుట్టుకున్న వేర్లు ఏటా లావెక్కుతూ మొదలును బిగిస్తాయి. మొక్క మూడు నాలుగేళ్లు బాగానే పెరిగి, ఆ తరువాత ఒకవైపు కొమ్మలు ఎండడం, గాలివానకు మొదలుతో సహా ఒరగడం జరుగుతుంది. తుఫానులు తరచుగా తాకే కోస్తా జిల్లాలలో వేరు పట్టు చాలని చెట్టు ఇంటి కప్పుకు, విద్యుత్ తీగలకు ప్రమాదమే. కడియం వంటి నర్సరీ కేంద్రాల నుంచి పండ్ల తోటలకు మొక్కలు కొనే రైతులకు కూడా ఇది వర్తిస్తుంది. సంచి చిన్నదిగా, మొక్క పెద్దదిగా, కాండం లావుగా ఉన్న పాత మొక్కను చూసి మురిసిపోవడం కంటే ఒక సంచిని చింపి వేరు చూసి కొనడం మంచిది.

చుట్టుకున్న వేర్లను నాటేముందు తొలగించడమే దీనికి మార్గం. ముద్దపై నిలువుగా మూడు నాలుగు గాట్లు పెట్టడం చాలామంది చేసే పని. గాట్ల మధ్య మిగిలిన వంపులు అలాగే ఉంటాయి కనుక దాని ఫలితం పరిమితం. ముద్ద పక్కలను, అడుగును 2 నుంచి 3 సెం.మీ. మందాన పదునైన కత్తితోగాని సన్న పళ్ల రంపంతోగాని చెక్కివేయడం మేలైన పద్ధతి. అమెరికాలోని ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ గిల్మన్, ఆయన సహచరులు కుండీలలో పెంచిన నీడ చెట్లపై చేసిన ప్రయోగాలు ఈ పద్ధతికి ఆధారం. చెక్కిన చోటు నుంచి వేర్లు బయటి మట్టిలోకి నేరుగా సాగుతాయి. మరొక లాభం కూడా ఉన్నది. పాత మాధ్యమానికి, నేలకు మధ్య నున్నని గోడలా ఏర్పడిన పొర తొలగి నీరు, వేర్లు రెండూ సులభంగా దాటుతాయి.

అయితే ఈ కోత ఎక్కువగా అవసరమైన మొక్కే దానిని తక్కువగా తట్టుకోగలదు. ఆకు రాల్చి, చిగురు లేక నిలిచిన మొక్కకు ఒకేసారి వేరు కోత, నేల మార్పు రెండూ భారమవుతాయి. అటువంటిదానిని ముందుగా కుళ్లిన వేర్లు మాత్రమే తీసి, ముద్దకు సరిపోయే కుండీలో, నీరు దిగే కొత్త మాధ్యమంలో పెట్టి, నీడలో ఉంచాలి. పెద్ద కుండీ వద్దు, వేర్లు లేని మాధ్యమంలో తడి ఎక్కువకాలం నిలుస్తుంది. ఒక చిగురు వచ్చి, ఆ ఆకు ముదిరిన తరువాత నేలలో నాటాలి. లేత చిగురు ఉన్నప్పుడు ఏ మొక్కనూ కదిలించరాదు.

వేర్లు తగ్గించినప్పుడు కొమ్మలను కూడా అదే మోతాదులో కత్తిరించాలన్న సూత్రం పాఠ్యపుస్తకాలలో చాలాకాలంగా ఉన్నది. కొత్త వేరు పుట్టడానికి అవసరమైన చక్కెరలు ఆకుల నుంచి, ఆక్సిన్లు కొమ్మ మొగ్గల నుంచి వస్తాయి కనుక ఈ సూత్రాన్ని గుడ్డిగా పాటించరాదు. ఎండిన, తెగులు సోకిన కొమ్మలు తీసి, పచ్చని భాగంలో మూడవ వంతుకు మించకుండా తగ్గిస్తే చాలు. నీటి ఖర్చు తగ్గించడానికి కత్తెర కంటే 50 శాతం నీడనిచ్చే వల ఎక్కువ మేలు చేస్తుంది.

గుంత

మామిడి వంటి పండ్ల చెట్లకు మీటరు పొడవు, వెడల్పు, లోతుతో గుంతలు తీసి పశువుల ఎరువు, సూపర్ ఫాస్ఫేటు కలిపిన మట్టితో నింపాలన్న సిఫారసు అందరికీ తెలిసినదే. ఆ గుంతలు వేసవిలో తీసి, ఎండనిచ్చి, నింపి, తొలకరికి కుంగి గట్టిపడిన తరువాత మొక్క నాటుతారు. సిఫారసులోని బలం ఆ వ్యవధిలో ఉన్నది. పెరటిలో మాత్రం ఉదయం గుంత తీసి, సగం కంపోస్టుతో నింపి, సాయంత్రం మొక్క పెడతారు. కంపోస్టు కుళ్లినకొద్దీ ముద్ద కిందికి జారి ఏడాదిలో వేరు మెడ, ఒక్కోసారి అంటు కట్టిన చోటు కూడా మట్టిలో కూరుకుపోతుంది. నల్లరేగడిలోనైతే వదులు మట్టితో నిండిన ఆ గుంత వానకాలంలో తొట్టిలా మారి చుట్టుపక్కల నీటినంతా తనలోకి తీసుకుంటుంది. కుండీలో మునిగిన మొక్క మరొక పెద్ద కుండీలో మునుగుతుంది.

వెంటనే నాటదలచినప్పుడు గుంత వెడల్పు ముద్దకు రెండు మూడు రెట్లు ఉండాలి, లోతు ముద్ద ఎత్తుకు మించరాదు. ముద్ద కదలని గట్టి నేలపై కూర్చోవాలి. తీసిన మట్టినే పెళ్లలు చిదిపి తిరిగి నింపాలి. కంపోస్టును పైన పరచాలి. నల్లరేగడిలో ముద్ద పైభాగం నేల మట్టానికి 5 నుంచి 7 సెం.మీ. ఎత్తున ఉండేలా చిన్న దిబ్బపై నాటాలి. చల్కా నేలలలో అడుగున మొరం పొర తగిలితే గునపంతో దానిని పగులగొట్టాలి. గుంతలో సాయంత్రం నిండా నీరు పోసి మరునాడు ఉదయం చూస్తే ఆ చోటు తగినదో కాదో తెలుస్తుంది. నీరు ఇంకా నిలిచి ఉంటే ఎత్తైన దిబ్బ వేయడమో, మరొక చోటు చూడడమో తప్పదు. చోటు ఎంపికలో మరొక మాట. కుండీలో అందంగా ఉన్న రావి, మర్రి, ఫైకస్ మొక్కలకు ఇంటి గోడకు, నీటి తొట్టికి దగ్గరలో ఎక్కడా చోటు లేదు.

అదను

రోహిణి కార్తె ఎండలో మొక్క వాడుతున్నదని చూసి అప్పుడే నేలలో పెట్టాలనిపించడం సహజం. కుండీని నీడకు జరిపి మృగశిర దాటేవరకు ఆగడం మంచిది. తెలంగాణలోను, ఉత్తర కోస్తాలోను ఆరుద్ర నుంచి పుష్యమి వరకు, అంటే జూన్ చివరి వారం నుంచి ఆగస్టు మొదటి వారం వరకు నేలలో తడి, గాలిలో తేమ, మబ్బు మూడూ కలిసి వస్తాయి. నెల్లూరు, తిరుపతి ప్రాంతాలలో వర్షపాతంలో అధిక భాగం ఈశాన్య రుతుపవనాలదే కనుక అక్కడ చిత్త, స్వాతి కార్తెలు అనుకూలం. అనంతపురం వైపు సెప్టెంబరు వానలను నమ్ముకోవాలి. కృష్ణా, గోదావరి డెల్టాలలో తుఫాను వానలకు నేల చిత్తడిగా ఉన్న రోజులలో నాటరాదు. తడి బంకమట్టిని తొక్కితే గుంత గోడలు నున్నగా గట్టిపడి వేరు చొరబడదు. రోజులో సాయంకాలమే తగిన వేళ.

నాటిన తరువాత నీరు

ముందు చెప్పిన కారణం వలన మొదటి నెల నీటిని ముద్దపైనే పోయాలి. పాదును ముద్ద వెడల్పుకు కొద్దిగా మించి చిన్నదిగా కట్టాలి. 10 లీటర్ల ముద్దకు వాన లేని రోజున 2 నుంచి 3 లీటర్లు, నెమ్మదిగా, మొదలుకు కొంచెం దూరంగా పోయడం మొదటి పది రోజుల పద్ధతి. నీరు అవసరమా కాదా అన్నది వేలిని ముద్దలోకే 5 సెం.మీ. గుచ్చి చూడాలి, చుట్టూ ఉన్న మట్టిలో కాదు. వాన పడిన రోజున కూడా ఈ పరీక్ష చేయవలసిందే. చిరుజల్లుకు నేల పైభాగం తడుస్తుంది గాని దట్టంగా వేర్లున్న ముద్ద నడుమకు తడి చేరదు. జిగురు మట్టి ముద్ద అయితే సన్నని పుల్లతో నాలుగైదు చోట్ల గుచ్చి నీరు ఇంకే దారి చేయాలి.

మూడవ వారం నుంచి నీటిని రోజు విడిచి రోజు, ముద్దపై కొంత, దాని చుట్టూ కొంత పోస్తూ పాదును క్రమంగా వెడల్పు చేయాలి. నీరు ఎప్పుడూ ముద్దకే పరిమితమైతే వేర్లు కూడా అక్కడే ఉండిపోతాయి. రెండవ నెల నుంచి మోతాదు పెంచి వ్యవధి కూడా పెంచాలి. కొత్త చిగురు వచ్చి మధ్యాహ్నం కూడా వాడకుండా నిలిస్తే వేర్లు ముద్ద దాటినట్లు. అప్పటివరకు నత్రజని ఎరువు వేయరాదు. చనిపోతున్నదన్న ఆదుర్దాతో వేసే చారెడు యూరియా లేత వేర్లను మాడ్చడమే గాక, వేర్లు అందించలేనంత నీటిని కోరే ఆకును పుట్టిస్తుంది.

వరిగడ్డి లేదా ఎండుటాకులను 5 సెం.మీ. మందాన పరచి, మొదలు చుట్టూ ఒక అరచేతి వెడల్పు ఖాళీ వదలాలి. చల్కా నేలలలో ఈ గడ్డి కింద చెదలు చేరే అవకాశం ఉన్నది కనుక వారానికొకసారి ఎత్తి చూడాలి. ఊతకర్రను గట్టిగా బిగించరాదు. కాండం గాలికి కొద్దిగా ఊగితేనే మొదలు, వేర్లు బలపడతాయి.

మొక్క లేచిన కుండీలో మిగిలిన పాత మట్టిని పెరటిలో గుమ్మరించే ముందు వేర్లలో బుడిపెలు, కుళ్లు కనిపించాయా అన్నది గుర్తుచేసుకోవాలి. అవి లేకపోతే జల్లించి, మూడవ వంతు కొత్త మాధ్యమం కలిపి వాడుకోవచ్చు. అనుమానం ఉన్న మట్టిని తడిపి, సిమెంటు గచ్చుపై 15 సెం.మీ.కు మించని మందాన పరచి, పారదర్శకమైన పాలిథీన్ పట్టాతో అంచులు బిగియగా కప్పి, ఏప్రిల్, మే నెలల ఎండలో ఆరు వారాలు ఉంచాలి. నల్ల పట్టా దీనికి పనికిరాదు, అది ఎండను పైననే పట్టి ఉంచి మట్టిని తగినంత వేడెక్కనివ్వదు. ఇలా ఎండబెట్టిన మట్టిని కూడా మొదటి ఏడాది జామ, దానిమ్మ, టమాట, వంగలకు కాక బంతి మొక్కలకు వాడి, పూత ముగిసిన తరువాత వాటి వేర్లను పీకి చూడాలి.